ఏ చక్రాలు తిప్పితే బండి గెలుస్తుంది?



పోయిన సంచికలో నేను తేనెపట్టు గురించి రాశాను. ఈసారి కార్ల పందెం గురించి రాస్తున్నాను. ఈ మాట చెప్పగానే మా రూములో వాళ్ళు ఒకటే నవ్వు. "నువ్వు ఎప్పుడైనా కారెక్కేవా?" అని అడిగేరు. ఎక్కలేదు. జీపు ఎక్కేను, ఆటో ఎక్కేను, ట్రాక్టరు తొట్టి ఎక్కేను, బస్సు ఎక్కేను. ఈ వ్యాసం అర్థం కావడానికి అవి చాలు.

జీపు నేర్పిన పాఠం

రెండేళ్ళ కిందట, వానాకాలంలో, మా వదినకి నొప్పులు వచ్చేయి. మా ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి నలుగురు మోసుకుని, గెడ్డ దాటించి, రోడ్డు దాకా తెచ్చేరు. అక్కడ జీపు దొరికింది. వదినకి తోడుగా అమ్మ, నేను ఎక్కేము. డోలీ మోసినవాళ్ళు కూడా ఎక్కేరు.

దారిలో ఒక పెద్ద ఎత్తు ఉంది. ఎర్రమట్టి. అప్పటికి రెండు రోజులుగా ముసురు. జీపు సగం దూరం ఎక్కి ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బురద చిమ్ముతోంది. బండి మాత్రం కదలదు. ముందు చక్రాలు ఏ పనీ లేనట్టు ఊరికే ఉన్నాయి. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా వాళ్ళు దిగి తోద్దాం అనుకున్నారు. డ్రైవర్ మామ మాత్రం "తొయ్యొద్దు. నలుగురూ వెనక బంపరు మీద నిలబడండి" అన్నాడు. నాకు వింతగా అనిపించింది. బరువు తగ్గిస్తే కదా బండి ఎక్కుతుంది, పెంచితే ఎలా ఎక్కుతుంది? కానీ వాళ్ళు నిలబడ్డారు. చక్రాలు రెండుసార్లు జారి, మూడోసారి మట్టిని పట్టేయి. జీపు ఎక్కేసింది. ఆసుపత్రికి చేరిన గంటకి పాప పుట్టింది. దానికి ఇప్పుడు రెండేళ్ళు, చాలా అల్లరి చేస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ మామని అడిగేను, బరువు పెంచితే ఎందుకు ఎక్కింది అని. "తిరిగేది వెనక చక్రాలే గదమ్మా. వాటి మీద బరువు లేకపోతే నేలని ఏం పట్టుకుంటాయి?" అన్నాడు. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చెప్పినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నేలని ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత ఎక్కువ. మాస్టారు బోర్డు మీద రాసింది, డ్రైవర్ మామ బురదలో చెప్పింది ఒకటే.

ఆ తర్వాత మా లైబ్రరీ బీరువాలో అడుగున కార్ల పందేల గురించి ఒక పాత ఇంగ్లీషు పత్రికల కట్ట దొరికింది. మాటలు అర్థం కాకపోతే సైన్సు మాస్టారిని అడిగేను, కంప్యూటర్ గదిలో చూసేను. అందులో మొదట నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్నే. ముందు చక్రాలు తిప్పే కారు, వెనక చక్రాలు తిప్పే కారు, నాలుగూ తిప్పే కారు ఒకే పందెంలో పరిగెడితే ఏది గెలుస్తుంది?

టూరింగ్ కార్ల పందెం అంటే ఏమిటి?

కార్ల పందేలు చాలా రకాలు. ఫార్ములా వన్ కారుని మీరు పేపరులో చూసే ఉంటారు. దానికి పైకప్పు ఉండదు, చక్రాలు బయటకి ఉంటాయి. దాన్ని పందెం కోసమే తయారుచేస్తారు. అలాంటి కారు ఏ షాపులోనూ దొరకదు.

టూరింగ్ కారు అలా కాదు. మాస్టార్లు, డాక్టర్లు, వ్యాపారులు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళే మామూలు కారే పందేనికి వస్తుంది. ఫ్యాక్టరీలో వేలల్లో తయారైన కారు కాబట్టి దీన్ని ఉత్పత్తి కారు అంటారు. దాని ఇనప ఒళ్ళు, ఇంజన్ దిమ్మ ఫ్యాక్టరీవే ఉండాలి. లోపల మాత్రం చాలా మార్పులు చేస్తారు. సీట్లు పీకేసి డ్రైవర్‌కి ఒక్కటే సీటు పెడతారు. బండి పల్టీ కొట్టినా మనిషి నలిగిపోకుండా లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి అతికిస్తారు. బ్రేకులు, స్ప్రింగులు, టైర్లు మారుస్తారు.

ఇలాంటి పందేలలో బాగా పేరున్నది బ్రిటన్‌లో జరిగే బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్. అది 1958లో మొదలైంది. అప్పుడు దాని పేరు బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్. 1987లో ఇప్పటి పేరు పెట్టేరు. మన పక్కన తమిళనాడులో శ్రీపెరంబుదూర్ దగ్గర 1990లో తెరిచిన ట్రాక్ మీద కూడా మన దేశపు టూరింగ్ కార్లు పరిగెడతాయి.

ఈ పందేల సరదా ఏమిటంటే, చూసేవాళ్ళకి "ఇది మా ఇంటి కారే" అనిపిస్తుంది. కంపెనీలకీ లాభమే. ఆదివారం పందెం గెలిస్తే సోమవారం షాపుకి జనం వస్తారు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. గ్రూప్ ఎ అనే నిబంధనల కాలంలో, పందేనికి రావాలంటే అలాంటి కార్లు కనీసం 5,000 తయారుచేసి ఉండాలనేవారు. అప్పుడు బి.ఎం.డబ్ల్యు. కంపెనీ ఏం చేసిందంటే, ముందు పందేనికి ఎలాంటి కారు కావాలో ఆలోచించి, తర్వాత దాన్నే వేలల్లో తయారుచేసి అమ్మింది. అదే మొదటి ఎం3 కారు. 1987లో ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్ అయిన రాబెర్టో రావాలియా నడిపింది దాన్నే. అంటే ఇంటి కారు పందేనికి వెళ్ళడం కాదు, పందెం కారే ఇంటికి వచ్చింది.

మూడు రకాల బండ్లు

ఇంజన్ ఎక్కడున్నా, దాని బలం చక్రాలకి చేరాలి. ఏ చక్రాలకి చేరుతుందో దాన్ని బట్టి బండి గుణం మారుతుంది.

మొదటిది, ముందు చక్రాలు తిప్పే బండి. ఇంజన్ ముందు, గేరుపెట్టె ముందు, తిరిగే చక్రాలూ ముందే. బరువైన సామాను అంతా తిరిగే చక్రాల మీదే కూర్చుంటుంది. అందువల్ల తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. బండి కింద వెనక దాకా పొడవాటి ఇనప షాఫ్ట్ అక్కర్లేదు కాబట్టి బరువు తక్కువ.

రెండోది, వెనక చక్రాలు తిప్పే బండి. ఇంజన్ ముందుంటుంది. షాఫ్ట్ బండి కింద నుంచి వెళ్ళి వెనక చక్రాలని తిప్పుతుంది. మన జీపు ఇదే. హాస్టల్‌కి కూరగాయలు తెచ్చే వ్యాను కూడా ఇదే. నమ్మకపోతే నేను చూసేను. దాని కింద పడుకుని చూస్తుంటే వాచ్‌మన్ తాత "ఏటే గుంటా, చక్రం కింద పడుకున్నావు, చచ్చిపోతావా!" అని కేకలేసేడు. ఆయన తిట్టింది సరే. చెల్లెళ్ళూ, డ్రైవర్‌కి చెప్పకుండా ఎవరూ బండి కిందకి వెళ్ళొద్దు. నేను చేసింది తప్పు.

మూడోది, నాలుగు చక్రాలూ తిప్పే బండి. పట్టు అన్నిటికన్నా ఎక్కువ. కానీ అదనపు షాఫ్టులు, అదనపు గేర్లు ఉండాలి. అవి బరువు, తిరిగేటప్పుడు కొంత బలాన్ని అవే తినేస్తాయి.

ఇంకో చిన్న విషయం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలి చక్రం తక్కువ దూరం. మన థింసా వరసని తలుచుకోండి. వరస వంపు తిరిగేటప్పుడు లోపల చివరున్న మనిషి దాదాపు ఉన్నచోటే అడుగులు వేస్తుంది. బయట చివరున్న మనిషి పరుగులాంటి నడక నడుస్తుంది. ఇద్దరూ ఒకే వేగంతో నడిస్తే వరస తెగిపోతుంది. చక్రాలకి ఆ తేడా ఇచ్చే గేర్ల ముద్దని డిఫరెన్షియల్ అంటారు. వ్యాను కింద వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా బుంగలాగ కనపడేది అదే.

టైరు మోసే పని

టైరు నేలని పట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంది. ఆ శక్తితోనే బండిని ముందుకి లాగాలి, దానితోనే మలుపు తిప్పాలి, దానితోనే బ్రేకు వెయ్యాలి.

ముందు చక్రాలు తిప్పే కారులో ముందు టైర్లే లాగాలి, ముందు టైర్లే తిరగాలి. నెత్తి మీద కట్టెలమోపు, చంకలో పిల్ల, రెండూ ఒక్క మనిషికే ఇచ్చినట్టు. వెనక టైర్లు చేతులూపుకుంటూ వస్తాయి. అందుకే పందెం చివరికి వచ్చేసరికి ముందు టైర్లు వేడెక్కి అరిగిపోతాయి. మలుపులో ఎక్కువ గ్యాస్ ఇస్తే కారు తిరగకుండా ముక్కు బయటకి పోతుంది.

వెనక చక్రాలు తిప్పే కారులో పని పంచుకుంటారు. ముందువి తిరుగుతాయి, వెనకవి తోస్తాయి. ఒకరు మోపు, ఒకరు పిల్ల. కానీ వెనక నుంచి ఎక్కువ తోస్తే తోక పక్కకి జారి బండి గిర్రున తిరిగిపోతుంది.

పందెం మొదలయ్యేటప్పుడు ఇంకో తేడా ఉంది. బస్సు ఒక్కసారిగా కదిలితే మనం వెనక్కి పడతాం. బ్రేకు వేస్తే ముందుకి పడతాం. బండి బరువు కూడా అలాగే వాలుతుంది. పందెం మొదట్లో అన్ని కార్లూ నిలబడి ఉంటాయి. దీపాలు చూసి ఒక్కసారి దూకుతాయి. బరువు వెనక్కి వాలుతుంది. వెనక చక్రాల కారుకి అది వరం, పట్టు పెరుగుతుంది. ముందు చక్రాల కారుకి అది శాపం, పట్టు తగ్గి చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా బరువు వెనక్కే వాలుతుంది. మరి మా జీపు ఎందుకు జారింది? వానకి మట్టి పట్టు పోయింది, జీపు వెనక భాగం తేలిక. ఎత్తు ఇచ్చిన బరువు చాలలేదు. నలుగురు మనుషుల బరువు కూడా కావలసి వచ్చింది.

చిన్న మినీ కథ

1959లో బ్రిటన్‌లో మినీ అనే కారు వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేసేడు. పొడవు మూడు మీటర్ల చిల్లర, అంతే. మనం భోజనానికి వేసుకునే పట్టీలు రెండు కలిపితే అంత. చక్రాలు 10 అంగుళాలవి. ఇంజన్ 848 సి.సి. ఆయన ఇంజన్‌ని నిలువుగా కాకుండా అడ్డంగా పెట్టి, ముందు చక్రాలు తిప్పించేడు. అందుకే అంత చిన్న కారులో నలుగురు కూర్చోగలిగేరు.

ఇలాంటి కారు పందెం గెలుస్తుందా? 1961లో జాన్ విట్‌మోర్ మినీ నడిపి మొత్తం ఛాంపియన్ అయ్యేడు. 1962లో జాన్ లవ్ అనే ఆయన కూడా మినీ కూపర్‌తో ఛాంపియన్ అయ్యేడు. అదే పందేలలో దాని కన్నా నాలుగింతల ఇంజన్ ఉన్న జాగ్వార్లు కూడా పరిగెట్టేయి. మినీ వాటిని దాటి ముందు వచ్చిందా అంటే, లేదు. మరి ఎలా గెలిచింది?

అప్పటి నిబంధన ఇది. ఇంజన్ సైజుని బట్టి కార్లని తరగతులుగా విడదీసేరు. అందరూ ఒకే ట్రాక్ మీద, ఒకేసారి పరిగెత్తాలి. పాయింట్లు మాత్రం ఎవరి తరగతిలో వాళ్ళకి. ఏడాదంతా తన తరగతిలో ఎవరు ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంటే వాళ్ళే మొత్తానికి ఛాంపియన్.

1964లో జిమ్ క్లార్క్ వెనక చక్రాలు తిప్పే లోటస్ కోర్టినాతో ఛాంపియన్ అయ్యేడు. ఆయన 1963లోను, 1965లోను ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ కూడా. 1970, 1971, 1972లలో వరసగా మూడేళ్ళు బిల్ మెక్‌గవర్న్ సన్‌బీమ్ ఇంప్ అనే చిన్న కారుతో గెలిచేడు. దాని ఇంజనే వెనక ఉంటుంది, మన ఆటోలాగ.

మొట్టమొదటి ఏడాది, 1958లో, ఒక మంచి సంగతి జరిగింది. జాక్ సియర్స్, టామీ సాప్‌విత్ అనే ఇద్దరికి సమానంగా పాయింట్లు వచ్చేయి. ఒకరిది ఆస్టిన్ కారు, ఇంకొకరిది జాగ్వార్. ఎలా తేల్చాలి? రైలీ కంపెనీ కార్లు ఒకే రకానివి రెండు తెచ్చేరు. ఇద్దరూ అయిదు రౌండ్లు పరిగెట్టేరు. తర్వాత కార్లు మార్చుకుని మళ్ళీ అయిదు రౌండ్లు పరిగెట్టేరు. రెండూ కలిపితే సియర్స్ 1.6 సెకన్ల తేడాతో గెలిచేడు. కారు గొప్పా, మనిషి గొప్పా అని తేల్చాలంటే కార్లు మార్చి చూడాలి. ఈ ఉపాయం నాకు చాలా నచ్చింది.

మూడూ కలిసి పరిగెట్టిన పదేళ్ళు

1991 నుంచి 2000 దాకా బ్రిటన్‌లో సూపర్ టూరింగ్ అనే నిబంధనలు నడిచేయి. అందరి ఇంజన్ రెండు లీటర్లు దాటకూడదు. టర్బో ఉండకూడదు. ఇంజన్ నిమిషానికి 8,500 సార్ల కన్నా ఎక్కువ తిరగకూడదు. ఏ చక్రాలు తిప్పాలన్నది మాత్రం షాపులో అమ్మే కారుని బట్టే. అందుకే నా ప్రశ్నకి జవాబు ఈ పదేళ్ళలో దొరుకుతుంది. ఛాంపియన్ల పట్టిక చూడండి.

1991 – విల్ హాయ్, బి.ఎం.డబ్ల్యు. – వెనక చక్రాలు
1992 – టిమ్ హార్వీ, బి.ఎం.డబ్ల్యు. – వెనక చక్రాలు
1993 – యోయాకిమ్ వింకెల్‌హాక్, బి.ఎం.డబ్ల్యు. – వెనక చక్రాలు
1994 – గాబ్రియేలే టార్క్వీనీ, ఆల్ఫా రోమియో – ముందు చక్రాలు
1995 – జాన్ క్లెలాండ్, వాక్స్‌హాల్ – ముందు చక్రాలు
1996 – ఫ్రాంక్ బీలా, ఆడీ – నాలుగు చక్రాలు
1997 – అలెన్ మెను, రెనో – ముందు చక్రాలు
1998 – రికార్డ్ రిడెల్, వోల్వో – ముందు చక్రాలు
1999 – లోరాన్ అయెల్లో, నిస్సాన్ – ముందు చక్రాలు
2000 – అలెన్ మెను, ఫోర్డ్ – ముందు చక్రాలు

చూసేరా! మూడు రకాలూ గెలిచేయి. ఒకే రకం ఎప్పుడూ గొప్పది కాదు.

ఈ కాలంలో నవ్వొచ్చే సంగతి కూడా ఉంది. 1994లో వోల్వో కంపెనీ సామాను వేసుకునే పొడుగు కారుని, అంటే ఎస్టేట్ కారుని, పందేనికి తెచ్చింది. జనం నవ్వితే, వాళ్ళు జనం ముందు కారు తిప్పేటప్పుడు వెనకాల ఒక పెద్ద బొమ్మ కుక్కని కూర్చోబెట్టేరు. ఆ కారు ఒక్క పందెం కూడా గెలవలేదు. కానీ నాలుగేళ్ళ తర్వాత అదే కంపెనీ వేరే కారుతో ఛాంపియన్ అయింది, పట్టికలో 1998 చూడండి. నవ్వేరని ఆగిపోలేదు.

బరువు వెయ్యడం న్యాయమేనా?

నాలుగు చక్రాల కారు వచ్చేక పెద్ద గొడవ అయింది. ముందు ఆస్ట్రేలియా సంగతి చెప్తాను. బాతర్స్ట్ అనే ఊళ్ళో కొండ మీద ట్రాక్ ఉంది. అక్కడ 1,000 కిలోమీటర్ల పందెం జరుగుతుంది. 1991, 1992 రెండేళ్ళూ జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ కలిసి నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్. నడిపి గెలిచేరు. ఆ కారు మామూలుగా వెనక చక్రాలే తిప్పుతుంది. అవి జారుతున్నాయని తెలియగానే కొంత బలాన్ని ముందు చక్రాలకి పంపుతుంది. దానికి టర్బో కూడా ఉంది. 1992లో వాన వల్ల పందెం మధ్యలో ఆపేసి వాళ్ళే గెలిచేరని చెప్తే, జనం గేలి చేసేరు. వాళ్ళకి తమ ఫోర్డ్, హోల్డెన్ కార్లంటే ప్రేమ. 1993 నుంచి అక్కడి ఛాంపియన్‌షిప్‌లో అలాంటి టర్బో కార్లకి చోటు లేకుండా నిబంధనలు మార్చేసేరు.

ఆడీ ఎ4 క్వాట్రో కథా అంతే. అది 1996లో బ్రిటన్‌తో కలిపి ఏడు దేశాల ఛాంపియన్‌షిప్‌లలో పరిగెట్టింది. ఏడూ గెలిచింది! నాలుగు చక్రాల కారు కాబట్టి మిగతా వాటి కన్నా ఎక్కువ బరువు ఉండాలని ముందే నిబంధన ఉంది. గెలిచేక ఆ బరువు ఇంకా పెంచేరు. 1997 తర్వాత బ్రిటన్ సూపర్ టూరింగ్‌లో నాలుగు చక్రాలు తిప్పడమే మానిపించేరు. 1998లో ఆడీ బ్రిటన్‌కి ముందు చక్రాల కారుతో వచ్చింది.

బరువు వెయ్యడం అంటే ఏమిటి? కారులో సీసం లాంటి బరువైన దిమ్మలు బిగిస్తారు. బరువైన కారు మెల్లగా వేగం అందుకుంటుంది, ఆలస్యంగా ఆగుతుంది, టైర్లు తొందరగా అరుగుతాయి. తర్వాతి కాలంలో బ్రిటన్‌లో ఏ రకం కారైనా సరే, గెలిచిన వాళ్ళకి తర్వాతి పందెంలో బరువు వేసేవారు. 2021 దాకా అలా నడిచింది.

మొదట నాకు ఇది అన్యాయం అనిపించింది. బాగా పరిగెత్తినందుకు శిక్షా? తర్వాత ఆలోచించేను. ఈ కార్లు షాపులో కొన్నవి. ఒకరికి ఫ్యాక్టరీయే నాలుగు చక్రాల కారు ఇచ్చింది, ఒకరికి రెండు చక్రాలదే ఇచ్చింది. అది డ్రైవర్ తప్పూ కాదు, గొప్పా కాదు. పుట్టుకతో వచ్చిన తేడాని కొంచెం సరిచేస్తే, అప్పుడు డ్రైవర్ ఎంత బాగా నడిపేడో తెలుస్తుంది. కాని ఎంత బరువు అన్నది కొలిచి వెయ్యాలి. కోపంతో వెయ్యకూడదు. ఏకంగా మానిపించడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇప్పటి సంగతి

బ్రిటన్‌లో ఇప్పుడు ముందు చక్రాల కార్లు, వెనక చక్రాల కార్లు రెండూ పరిగెడుతున్నాయి. నాలుగు చక్రాలకి అనుమతి లేదు. సుబారు లెవోర్గ్ అనే కారు షాపులో నాలుగు చక్రాలూ తిప్పుతుంది. 2016లో దాన్ని పందేనికి తెచ్చినప్పుడు వెనక చక్రాలు మాత్రమే తిప్పేలా మార్చేరు. 2017లో యాష్ సట్టన్ దానితోనే ఛాంపియన్ అయ్యేడు. 2020, 2021లలో వెనక చక్రాలు తిప్పే ఇన్ఫినిటీ కారుతో మళ్ళీ గెలిచేడు. 2023లో ముందు చక్రాలు తిప్పే ఫోర్డ్ ఫోకస్‌తో గెలిచేడు. రెండు రకాల కార్లు, ఒకే మనిషి. 1958లో కార్లు మార్చుకున్న కథ గుర్తుందా? అలాంటిదే.

2015లో మొదలైన టి.సి.ఆర్. అనే నిబంధనల్లో ముందు చక్రాల కార్లే ఉంటాయి. అందరిదీ ఒకే రకం అయితే గొడవ లేదు కదా అని. గొడవ లేదు నిజమే, కాని నా ప్రశ్న కూడా లేకుండా పోయింది.

నేను చెప్పదలుచుకున్నది

పోయిన ఏడాది ఒక పోటీకి మమ్మల్ని వేరే ఊరు తీసుకెళ్ళేరు. అక్కడ ఒక అమ్మాయి "మీకేంటి, మీకు సీట్లు రాసిపెట్టి ఉంటాయి" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. బస్సులో వస్తూ ఆలోచించేను, రాత్రి పడుకుని ఆలోచించేను. జవాబు రాలేదు.

మినీ గురించి చదివిన రోజు వచ్చింది. మినీకి ఎవరూ రౌండ్లు తగ్గించలేదు. జాగ్వార్ పరిగెట్టిన ట్రాక్ మీదే, అదే వానలో, అవే మలుపుల్లో పరిగెట్టింది. దాని ఇంజన్ 848 సి.సి. అని తెలిసి, ఆ ఇంజన్‌తో ఎంత బాగా పరిగెట్టిందో చూసి పాయింట్లు ఇచ్చేరు. మా ఇంట్లో మొదట పలక పట్టింది నేను. మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. ఇంట్లో మేము కువి మాట్లాడతాం. తెలుగు నాకు బడిలో వచ్చింది, దాని తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ప్రశ్నపత్రం మాత్రం ఆ అమ్మాయికీ నాకూ ఒకటే. ఈసారి కలిస్తే ఈ మాట చెప్తాను, దెబ్బలాడకుండా చెప్తాను.

ఇంకొక్క మాట. నాలుగు చక్రాలు తిప్పే బండిని పందెంలో మానిపించేరు, సరే. కొండ మీద మాత్రం మానిపించకూడదు. ఆ రోజు మా వదినకి కావలసింది అదే. నలుగురు మనుషులు బంపరు మీద నిలబడితే గాని ఎక్కని జీపు, ఆ నలుగురు లేని రోజున ఏమవుతుంది? మా కొండ ఊళ్ళకి ముందు రోడ్డు కావాలి. రోడ్డు వచ్చేదాకా నాలుగు చక్రాలూ తిప్పే అంబులెన్సు కావాలి. నేను పదో తరగతి అయ్యేక పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతాను. ఆడపిల్లకి ఇంజన్ ఎందుకు అని ఎవరైనా అంటే, ఆ ఎత్తు మీద జీపు జారిన రాత్రి సంగతి చెప్తాను.

చెల్లెళ్ళకి ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో)

1. మన హాస్టల్ వ్యాను ఖాళీగా ఉన్నప్పుడు బురదలో ఎక్కువ జారుతుందా, నిండుగా ఉన్నప్పుడా? ఎందుకు?
2. ట్రాక్టరుకి వెనక చక్రాలే ఎందుకు పెద్దవి?
3. థింసా వరస మలుపు తిరిగేటప్పుడు అందరూ ఒకే వేగంతో నడిస్తే ఏమవుతుంది? రేపు సాయంత్రం గ్రౌండులో చేసి చూడండి.

తప్పులుంటే మన్నించగలరు. 

ఇట్లు,
మీ స్నేహితురాలు,
తొమ్మిదో తరగతి, బి సెక్షన్